ఏ కాగితం చూశావు?

జూన్ 3
అమ్మాయిల హాస్టలు, మూడో అంతస్తు

బాబాయ్,

నువ్వు బాగున్నావా అని అడిగే ఓపిక ఈ పూట నాకు లేదు. బాగానే ఉంటావని నమ్మి మొదలుపెడుతున్నాను. ఫోను చేస్తే సగం మాటలు వినపడక "ఆఁ, ఆఁ, సరేలే" అనేస్తావు. నలభై ఏళ్ళు కాగితం మిల్లులో బాయిలరు పక్కన నిలబడ్డ చెవులతో నేను వాదించలేను. కళ్ళతో వాదిస్తాను. అందుకే ఈ ఉత్తరం.

మా విశ్వవిద్యాలయంలో చరిత్ర విభాగాన్ని ఎత్తేస్తున్నారు. ఎత్తేయడమనే మాట వాళ్ళ నోట రాదు. "సమాచార నైపుణ్యాల విభాగంలో విలీనం" అట. ఆ నోటీసు ఎక్కడ అంటించారో తెలుసా? పోయిన గొడుగు కోసం ఎవరో పెట్టిన చీటీకీ, భోజనశాల వేళల పట్టికకీ మధ్య. నూట పది మంది చదువూ, ఏడుగురు ఉపాధ్యాయుల బతుకూ కలిసి ఒక గొడుగు పాటి చేయలేదు. సమీక్ష సంఘం అధ్యక్షుడు మొన్న మా తరగతికే వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, "జరిగిపోయినదాన్ని బట్టీ పట్టి మీరంతా ఏం సాధిస్తారమ్మా? కావలసినప్పుడు ఫోనులో వెతుక్కుంటే రెండు నిమిషాల పని" అన్నాడు. నేను లేచాను. లేవకుండా ఉంటానని నువ్వూ అనుకోవు.

"అయ్యా, మీరు సంతకం పెట్టే ముందు కాగితం చదువుతారా?"

"చదవకుండా ఎలా పెడతాను?"

"చరిత్ర అంటే అదేనండీ. సంతకానికి ముందు పైన ఏం రాసుందో చదవడం. ఆ అలవాటు పోయిన జనం ముందుకు ఏ కాగితం తోసినా కింద వేలిముద్ర వేసేస్తారు. మీకు కావలసింది అలాంటి జనమేనా?"

తరగతి బల్లలు చరిచింది. ఆయన మాత్రం "చురుకైన అమ్మాయి" అని నవ్వాడు. తిట్టినా బాగుండేది. ఆ నవ్వు నాకింకా ఒళ్ళంతా దురద పెడుతోంది.

ఈ నెల ఇరవై నాలుగున బహిరంగ సభ. విద్యార్థుల తరఫున మాట్లాడేది నేనే. నా చేతిలో ఉన్న అస్త్రం తాతయ్య. అదే ఉపన్యాసం, మూడు పోటీల్లో మొదటి బహుమతి తెచ్చింది: ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట మీ మిల్లులో బాయిలరు పేలడం, ఒక ఫిట్టరు నిర్లక్ష్యంగా చేసిన మరమ్మతుకు ముగ్గురు బలి కావడం, వాళ్ళలో మా తాతయ్య చివరి క్షణం దాకా తన చోటు వదలకపోవడం, ఆ ముగ్గురినీ లోకం మరిచిపోవడం. ఈసారి దాన్ని క్యాంపస్ పత్రికలో కూడా వేస్తున్నారు. మా మేడం ఒక్కావిడే దాని మార్జిన్‌లో ఎర్రసిరాతో "ఏ కాగితం చూశావు?" అని రాసింది. ఆవిడ అందరి రాతల మీదా ఆ ఒక్క ప్రశ్నే రాస్తుంది. "మిల్లు గేటు దగ్గర రాతిపలక మీదే ఉంది మేడం, 'మరమ్మతు లోపం వల్ల' అని" అన్నాను. "పలక రాయించింది ఎవరు?" అంది. విభాగం మునిగిపోతుంటే ఈవిడ కామాలు వెతుకుతోంది!

నువ్వు రావాలి బాబాయ్. తండ్రి పోయిన చోటే నలభై ఏళ్ళు పనిచేసిన కొడుకు నోట అయిదు నిమిషాలు వింటే ఆ నవ్వు ముఖం ఏమవుతుందో చూడాలని ఉంది. వస్తున్నానని ఒక్క ముక్క రాయి.

నువ్వే పేరు పెట్టి చెడగొట్టిన
నీ వకీలు


జూన్ 8
మిల్లు క్వార్టర్లు

వకీలమ్మా,

ఉత్తరం అందింది. ఒకసారి నాకోసం, ఒకసారి మీ పిన్ని కోసం పైకి చదివాను. "ఇది ఉత్తరమా, లాయరు నోటీసా?" అంది. నీ ఒంట్లో ఎలా ఉందో ఎక్కడా రాయలేదని కూడా అంది. రాయి.

ఈ నెల ముప్ఫైతో నా పని ముగుస్తుంది. నా స్థానంలోకి వచ్చే కుర్రాడికి ఇద్దరు పిల్లలు, అయినా నాకు కుర్రాడే. పని తెలుసు. ఒక్క విషయంలోనే తంటా. మా దగ్గర పద్ధతి నీకు తెలుసు కదా: షిఫ్టు ఎక్కేవాడు, దిగేవాడు షిఫ్టు పుస్తకంలో రాసిన పేజీ మొత్తం, దిగేవాడి ఎదుట, పైకి గట్టిగా చదవాలి. ఆ తరవాతే సంతకం. అప్పటిదాకా ఏ కవాటం మీదా చెయ్యి వెయ్యకూడదు. ఈయన పెదాలు కదిపి సరిపెడతాడు.

"కళ్ళతో చదివితే చాలదా సార్? మోత కొంచెమా, గొంతు పోతోంది" అన్నాడు.

"గొంతు పోతే మందుంది. చదువు" అన్నాను.

మళ్ళీ మొదటినుంచి చదివించాను. లోపల ఏమని తిట్టుకున్నాడో నాకు వినపడదు, అదొక సుఖం.

నువ్వు చెప్పే చరిత్ర నాకు తెలియదు. నాకు తెలిసింది ఆ పుస్తకమే. ఆ అధ్యక్షుడితో సంతకం గురించి నువ్వన్న మాట మాత్రం బాగుంది. ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.

సభకు నేను రాలేను. తాతయ్యను అందులోకి తీసుకురావద్దు. ముఖ్యంగా ఆ ఫిట్టరు మాట తీసెయ్యి. పత్రికలో వేసేలోపు తీసెయ్యి. ఎందుకని అడగవద్దు.

మీ పిన్ని నువ్వు చిక్కిపోయి ఉంటావని ఇక్కణ్ణుంచే తేల్చేసింది.

బాబాయి


జూన్ 12
హాస్టలు

మిల్లు బాయిలరు విభాగం సీనియర్ ఆపరేటరు గారికి,

ఈ ఉత్తరంలో మిమ్మల్ని "మీరు" అనే సంబోధిస్తాను. "నువ్వు" అనడానికి నాకొక బాబాయి ఉండేవాడు. నా అయిదో తరగతిలో, లెక్కల టీచరు తప్పుగా కొట్టిన మార్కు కోసం పని మానుకుని బడికి వచ్చి, "తప్పు చిన్నదైతే దిద్దడం ఇంకా తేలిక కదా అయ్యా" అని నిలదీసినవాడు. ఆయన ఈ మధ్య కనపడటం లేదు.

"ఎందుకని అడగవద్దు" అన్నారు. చరిత్ర చదివే మనిషితో అనకూడని మాటల జాబితా ఒకటి రాస్తే ఇది అన్నిటికన్నా పైన ఉంటుంది. మా అధ్యక్షుడూ సరిగ్గా ఇదే అంటాడు, కాస్త మర్యాదగా. వాడి మాటకూ మీ మాటకూ నాకు తేడా కనపడలేదు.

కారణం నేనే చెబుతాను. పద్దెనిమిది రోజుల్లో మీ ఉద్యోగం ముగుస్తుంది. వీడ్కోలు సభలో మేనేజరు పక్కన కుర్చీ వేస్తారు. ఈ పద్దెనిమిది రోజులూ కుక్కిన పేనులా ఉంటే అంతా సాఫీగా గడిచిపోతుంది. తండ్రి చావు గురించి పైకి మాట్లాడితే పెద్దల భృకుటి ముడిపడుతుంది. అంతేనా? నిన్న షిఫ్టులో ఏం జరిగిందో గొంతు చించుకుని చదివిస్తారు; ముప్ఫై ఎనిమిదేళ్ళ నాటి షిఫ్టు గురించి అడిగితే నీళ్ళు నములుతారు. యంత్రానికి ఇచ్చిన పాటి మర్యాద మనిషికి ఇవ్వరా?

నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. చరిత్ర లేకుండా చేయాలంటే పుస్తకాలు కాల్చనక్కర లేదు. అంత శ్రమ ఎవరూ పడరు. ఇంట్లో పెద్దవాళ్ళు "ఇప్పుడెందుకులే" అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఒక తరంలో పోయినంత సాక్ష్యం ఏ మంటలోనూ పోదు.

ఉపన్యాసంలో ఏదీ తీసేయలేదు. పత్రిక నిన్ననే వచ్చింది. ఎనిమిది వందల ప్రతులు. ఫిట్టరు ఉన్న పేరా మీద ప్రత్యేకంగా బొమ్మ కూడా వేశారు.

ఒంట్లో బాగానే ఉంది. ఇది పిన్నికి మాత్రమే.

మీ అన్నగారి కుమార్తె


జూన్ 15
క్వార్టర్లు

అమ్మాయీ,

"మీరు" అన్నావు. చలిజ్వరం వచ్చినట్టయింది.

భయపడుతున్న మాట నిజం. ఎవరికన్నది నువ్వు తప్పు చెప్పావు. మేనేజరుకు కాదు.

ఆ ఎనిమిది వందలూ వెనక్కి తెప్పించే దారి ఏదైనా ఉందా? ఉంటే ఈ రోజే చెయ్యి.

బాబాయి


జూన్ 18
హాస్టలు

బాబాయ్,

నీ నాలుగు ముక్కల చీటీకి పదునైన జవాబొకటి తయారు చేసుకున్నాను. చించేశాను. ఇది వేరే ఉత్తరం.

నిన్న మధ్యాహ్నం కింద గేటు దగ్గర నాకోసం ఎవరో వచ్చారన్నారు. యాభై ఏళ్ళ మనిషి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. మా రెండో వీధిలో దర్జీ దుకాణం ఆవిడది. మా పట్టభద్రుల గౌన్లన్నీ ఆవిడే కుడుతుంది. పోయినేడాది నా చేతి కొలత తీసుకున్నది కూడా ఆవిడే, నేనే గుర్తు పట్టలేదు. చేతిలో మా పత్రిక. దుకాణంలో ఎవరో విద్యార్థిని మరిచిపోయి వెళ్ళిందట.

"ఇది రాసింది నువ్వేనా అమ్మా?"

నేను పొంగిపోయాను బాబాయ్. చెప్పడానికి సిగ్గుగా ఉంది. మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని "అవునండీ, ఎలా ఉంది?" అన్నాను.

"బాగా రాశావు. ఈ ఫిట్టరు మా నాన్న."

పోటీల్లో నా ఎదుటివాళ్ళు గుక్క తిప్పుకోలేకపోవడం చూసి నవ్వుకునేదాన్ని. అది ఎలా ఉంటుందో తెలిసింది. ఆవిడ కేకలు వెయ్యలేదు. పత్రిక మడత విప్పి, గుడ్డ మీద సుద్దతో గీత గీసినట్టు, ఆ పేరా కింద గోటితో గీసి చూపించింది.

"నిర్లక్ష్యం అని రాశావు. నువ్వు ఏ కాగితం చూశావమ్మా?"

అవే మాటలు! మా మేడం ఎర్రసిరా మాటలు, మేడం పేరైనా వినని మనిషి నోట. నేను రాతిపలక అన్నాను. ఇంట్లో విన్నాను అన్నాను. "మా ఇంట్లో వేరేగా విన్నాం" అంది ఆవిడ. ప్రమాదం తరవాత వాళ్ళ నాన్నను పనిలోంచి తీసేశారు. ఆ ఊళ్ళో ఎవరూ స్పానరు చేతికివ్వలేదు. ఇక్కడికొచ్చి, తరవాత కూతురు పెట్టిన దుకాణం గుమ్మంలో కూర్చుని, పోయేదాకా కత్తెరలు సానబట్టాడు. సానబట్టేటప్పుడల్లా ఒకే మాట అనేవాడట: "మంట దించమని ఆ అబ్బాయికి చెప్పాను. చెప్పాను కదా." ఏ అబ్బాయి అంటే చెప్పేవాడు కాదట. "వాడూ తండ్రి పోయినవాడేలే" అనేవాడట.

వెళ్ళేముందు నా భుజం దగ్గర చొక్కా కుట్టు ఊడిపోయి ఉంటే చూసి, "దుకాణానికి రా, వేసిస్తాను" అంది. తిట్టి ఉంటే నిద్రపోయేదాన్ని.

ఇప్పుడు అడుగుతున్నాను, వాదనకు కాదు. ఆ అబ్బాయి ఎవరు బాబాయ్? అప్పుడు మిల్లులో పనిచేస్తూ, ఆ ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న కుర్రాళ్ళు ఎంతమంది? నాకు లెక్క వచ్చు. కానీ ఈసారి కాగితం చూడకుండా రాయదలచుకోలేదు.

నీ
వకీలు కానిది


జూన్ 20
క్వార్టర్లు

అమ్మాయీ,

దీంతోబాటు రిజిస్టరు పోస్టులో ఒక పుస్తకం వస్తుంది. అట్ట మాడి ఉంటుంది, లోపల కాగితం బాగానే ఉంది. మన మిల్లు కాగితమే. అది ప్రమాదంలో కాలిపోయిందని విచారణలో రాసుకున్నారు. కాలలేదు. నా పెట్టెలో ఉంది.

షిఫ్టు పుస్తకంలో రాసినట్టే రాస్తాను. నాకు వేరేగా రాయడం రాదు.

అప్పుడు నాకు ఇరవై రెండు. నాన్నా నేనూ ఒకే బాయిలరు మీద, వేరువేరు షిఫ్టుల్లో. నేను దిగితే ఆయన ఎక్కేవాడు. ప్రమాదానికి ముందు ఇరవై మూడు రోజులు మా మధ్య మాటల్లేవు. కారణం సైకిలు. నా కొత్త సైకిలు నన్ను అడక్కుండా పక్కింటాయనకు ఇచ్చాడు. చక్రం వంకర తిరిగి వచ్చింది. నేనేదో అన్నాను, ఆయనేదో అన్నాడు. అంతే. మీ నాన్న వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు, లేకపోతే ఇద్దరికీ చెరొకటి తగిలించేవాడు. ఇంట్లో ఒకరు తింటుంటే ఇంకొకరు వాకిట్లో ఉండేవాళ్ళం. మిల్లులో ఆయన ఒక తలుపులోంచి వస్తే నేను రెండో తలుపులోంచి వెళ్ళేవాణ్ణి. మధ్యలో బల్ల మీద ఆ పుస్తకం. తండ్రీకొడుకుల మాటలన్నీ అందులోనే.

ఆ రోజు తెల్లవారుజామున నీటిమట్టం చూపే గాజు గొట్టం అనుమానంగా కనపడింది. ఫిట్టరును పిలిచాను. ఆయన చూసి, "కింది కుళాయి మూసుకుపోయింది. లోపల నీళ్ళు తగ్గినా గొట్టంలో నిండుగానే కనిపిస్తాయి. మంట దించెయ్యి, చల్లారాక విప్పుతాను" అన్నాడు. మంట దించితే మిల్లంతా ఆగుతుంది. అరగంటలో నా షిఫ్టు అయిపోతుంది. ఎక్కేవాడు చూసుకుంటాడులే అనుకున్నాను. పుస్తకంలో రాశాను. సంచీ తీసుకుని నా తలుపులోంచి వెళ్ళిపోయాను. ఆయన ఎదురుగా వస్తున్నాడు. చూశాను. "గొట్టాన్ని నమ్మకు" అని మూడు అడుగుల దూరంనుంచి ఒక్క మాట అంటే సరిపోయేది. ముందు ఆయనే మాట్లాడాలి అనుకున్నాను.

ఆరు దాటి నలభై నిమిషాలకు పేలింది. ఆయన, ఇద్దరు బొగ్గు కూలీలు.

పరుగెత్తి వచ్చినప్పుడు నాకు ముందు దొరికింది పుస్తకం. నా రాత కింద ఆయన సంతకం ఉంది. నా రాత కనుక చదవకుండా పెట్టాడని నాకు తెలుసు. చదివి ఉంటే మంట దించేవాడు, పని తెలిసిన మనిషి. ఈ పేజీ బయటపడితే ఆయనను చదవనివాడంటారు, నన్ను చెప్పనివాడంటారు. చొక్కాలో పెట్టుకున్నాను.

విచారణలో ఫిట్టరు నా ఎదురుగా నిలబడి, "మంట దించమని నీకు చెప్పలేదా బాబూ?" అని అడిగాడు. "నాకు గుర్తు లేదు" అన్నాను.

కొత్త బాయిలరు నడిచిన మొదటి వారంలోనే పైకి చదివే పద్ధతి పెట్టాను. అందరూ నన్ను జాగ్రత్తపరుడన్నారు.

ఏం చేస్తావో నీ ఇష్టం.

బాబాయి


జూన్ 22
హాస్టలు

పుస్తకం అందింది.

ఏమని పిలవాలో తెలియక సంబోధన లేకుండా మొదలుపెట్టాను. నా కోపం మొత్తం ఆ అధ్యక్షుడి కోసం దాచిపెట్టుకున్నాను. సగం నీకే ఖర్చయింది.

"గుర్తు లేదు" అన్నావు! పుస్తకం నీ పెట్టెలో ఉండగా! ఒక మనిషి పోయేదాకా కత్తెరలు సానబడుతూ "చెప్పాను కదా" అని గాలికి చెప్పుకుంటుంటే, నువ్వు గొంతులు చించి పేజీలు చదివించావు. అన్ని పేజీలూ, ఆ ఒక్కటి తప్ప. నువ్వు పెట్టిన పద్ధతి ఎన్ని ప్రాణాలు కాపాడిందో నాకు తెలియదు, కాపాడే ఉంటుంది. అందుకు నిన్ను క్షమించే పని నాది కాదు. ఆ పనికి హక్కున్న మనిషి పోయాడు, కూతురు ఉంది.

ఇంకో సగం నాకే. నువ్వు దాచావు, నేను కప్పులు గెలుచుకున్నాను. నీ అబద్ధానికి కనీసం సిగ్గుంది, పెట్టె అడుగున పడి ఉంది. నాది వేదికలెక్కింది, చప్పట్లు కొట్టించుకుంది, బొమ్మతో సహా అచ్చయింది. మేడం మార్జిన్‌లో అడిగిన రోజున నేను ఆ ప్రశ్నను చాదస్తమన్నాను. చరిత్ర కోసం పోరాడుతున్నానని చెప్పుకుంటూ చరిత్ర అడిగే మొదటి ప్రశ్ననే తోసిపుచ్చాను.

ఈ మధ్యాహ్నం పుస్తకం తీసుకుని దర్జీ దుకాణానికి వెళ్ళాను. ఆవిడ మిషను ఆపి, చేతులు తుడుచుకుని, ఆ పేజీ చదివింది. మళ్ళీ చదివింది. "నాన్న చెప్పినట్టే ఉంది" అంది. తరవాత నా చొక్కా కుట్టు వేసి ఇచ్చింది.

ఎల్లుండి సభ. తాతయ్య గురించే మాట్లాడతాను. నన్ను ఆపవద్దు.


జూన్ 25
హాస్టలు

బాబాయ్,

ఓడిపోయాం. అది ముందే రాసేస్తే మిగిలింది ప్రశాంతంగా చదువుతావు.

సభామందిరం సగం నిండింది. అధ్యక్షుడు బల్ల మీద గడియారం పెట్టుకుని, "అయిదు నిమిషాలు, ఉద్వేగాలు వద్దు" అన్నాడు. నేను ఉపన్యాసం కాగితాలు తీసుకెళ్ళలేదు. పుస్తకం తీసుకెళ్ళాను. మూడు పోటీల్లో నేను గెలిచిన ఉపన్యాసం అబద్ధమని, దాన్ని ఇక్కడే దిద్దుకుంటానని మొదలుపెట్టాను. మా వాళ్ళే నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పేజీ తెరిచి, మీ పద్ధతిలోనే, పైకి గట్టిగా చదివాను:

"గాజు గొట్టం కింది కుళాయి మూసుకుపోయింది. మట్టం ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతోంది. ఫిట్టరు చూసి మంట దించమన్నాడు. దించలేదు. గొట్టాన్ని నమ్మవద్దు."

కింద ఆరు దాటి అయిదు నిమిషాలకు మా తాతయ్య పెట్టిన సంతకం ఉందని చెప్పాను. "చదివి పెట్టాడా, చదవకుండా పెట్టాడా?" అని సంఘంలోని ఇంజనీరింగు ప్రొఫెసరు అడిగాడు. ఆ జవాబు నాలుక చివరే ఉంది బాబాయ్. నీకు తెలుసన్నావు. కానీ నీకు తెలిసింది నీ అపరాధం. పుస్తకం చెప్పేది సంతకం ఉందని మాత్రమే. "ఆ సంగతి ఈ కాగితం చెప్పదండీ. కాగితం చెప్పనిది ఇకమీదట నేను చెప్పను" అన్నాను. మేడం వెనక వరసలో తల దించుకుంది. నవ్విందో ఏడ్చిందో అదీ నేను చెప్పను.

అధ్యక్షుడు గంట కొట్టాడు. "చాలా హృద్యంగా ఉందమ్మా. కానీ ముప్ఫై ఎనిమిదేళ్ళ నాటి పుస్తకం ఇవాళ ఎవరికి కావాలి?"

"నాకు కావాలి."

నేను కాదు అన్నది. మూడో వరసలో దర్జీ ఆవిడ లేచి నిలబడింది, మెడలో టేపుతోనే. వస్తుందని నాకు తెలియదు.

"మా నాన్న అబద్ధాలకోరు కాదని ఇన్నాళ్ళూ మా ఇంట్లో నలుగురికే తెలుసు. ఇప్పుడు ఇంతమందికి తెలిసింది. మీరు ఫోనులో వెతకండి సార్, రెండు నిమిషాలు కాకపోతే రెండు రోజులు వెతకండి. ఈ మాట దొరుకుతుందేమో చూడండి" అని కూర్చుంది.

అధ్యక్షుడి ముఖం మీద నవ్వు చెరిగిపోవడం చూశాను. నేను నెల రోజులుగా కోరుకున్నది అదే. తీరా చూస్తే నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు.

ఓట్లు నాలుగు, మూడు. విలీనం ఖాయం. ఇంజనీరింగు ప్రొఫెసరు మన వైపు వేశాడు. పుస్తకం అడిగి తీసుకుని ప్రతి పేజీ తిప్పి చూశాడు. వచ్చే ఏడాది నుంచి మా మేడం "సమాచార నైపుణ్యాలు" చెబుతుందట. "ప్రశ్న అదే అడుగుతాను, బోర్డు మీద పేరు మార్చుకుంటే మార్చుకోనీ" అంది. నేను మండిపోతూనే ఉన్నాను. కోర్టుకైనా వెళతాం, తాడోపేడో తేల్చుకుంటాం. కప్పులు మూడూ తిరిగి ఇచ్చేశాను. పత్రికలో సవరణ వస్తోంది, అదే పేజీలో, అంతే స్థలంలో. బొమ్మ లేకుండా.

ముప్ఫైన నీ వీడ్కోలు సభ. మేనేజరు పక్కన కూర్చుని ఏం మాట్లాడతావు?

నీ వకీలు


జూన్ 30
క్వార్టర్లు

వకీలమ్మా,

వీడ్కోలు సభలో ఏమీ మాట్లాడలేదు. మైకు ఇచ్చారు, వినపడదని చెవి చూపించాను. ముందే మేనేజరు గదికి వెళ్ళి గేటు పలక మార్చమని కాగితం ఇచ్చి వచ్చాను. ఆ ఇద్దరు కూలీల పేర్లూ, నాన్న పేరూ ఉండనిచ్చి, "మరమ్మతు లోపం వల్ల" అన్నది తీసేయమన్నాను. నేను విచారణలో చెప్పింది అబద్ధమని కింద సంతకం పెట్టాను. "ఇన్నాళ్ళకు ఇదంతా అవసరమా పెద్దాయనా? చూద్దాంలే" అన్నాడు. నీ అధ్యక్షుడికి తమ్ముడిలా ఉన్నాడు. నీకు పనికొచ్చే మనిషి. ఆయన మీదికి ఒక ఉత్తరం వెయ్యి, "మీరు" అంటూ.

సభ అయ్యాక బాయిలరు దగ్గరికి వెళ్ళి చివరి షిఫ్టు పేజీ రాశాను. ఆవిరి ఒత్తిడి, నీటిమట్టం, బొగ్గు. దాని కింద, ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి ఆ అయిదు వాక్యాలూ తేదీతో సహా తిరిగి రాశాను. పుస్తకం చూడకుండానే రాశాను. తరవాత ఇంకొకటి: "ఈ సంగతి ఎక్కేవాడికి నోటితో చెప్పలేదు. విచారణలో గుర్తు లేదన్నాను. గుర్తుంది."

కొత్తాయన వచ్చి చదవడం మొదలుపెట్టాడు. గట్టిగానే చదువుతున్నాడు ఇప్పుడు. నడుమ ఆగిపోయాడు.

"ఇది ఎప్పటిది సార్? ఈ గొట్టం బాగానే ఉందిగా?"

"చదువు."

చదివాడు, చివరిదాకా. ఈసారి ఒక్క మాట కూడా పెదాల్లో మింగలేదు. నాకు చెవులు సరిగ్గా వినపడవని నీకు తెలుసు, కానీ ఆ పేజీ మొత్తం వినపడింది. సంతకం పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ దర్జీ ఆవిడకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు పాడుచేశాను. మీ పిన్ని చూసి, "రాతతోనే కదా ఇదంతా జరిగింది. ఇంకా రాస్తావా?" అంది.

అందుకని రేపు పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను. దుకాణం మీ రెండో వీధిలో అన్నావు. నువ్వు నా వెంట రావద్దు, గేటు దగ్గర ఎదురుచూడవద్దు. ఆవిడ ఏమంటుందో నాకు సగం వినపడకపోవచ్చు. అప్పుడు మళ్ళీ అనమంటాను, పూర్తిగా వినేదాకా. నేను చెప్పవలసింది మాత్రం ఒక్క మాటే. అది కాగితం మీద వదిలి వెనక తలుపులోంచి రాను. ఎదురుగా నిలబడి, నోటితో చెబుతాను.

బాబాయి